రెండు కంప్యూటర్లు, ఒక్క బెర్తు

అచ్చంపేటకు రైలు లేదు. నల్లమల అడవి అంచున ఉన్న ఆ ఊరివాళ్ళు రైలెక్కాలంటే ముందు బస్సెక్కి జడ్చర్లకో, మహబూబ్‌నగర్‌కో చేరాలి. అయినా అక్కడ ఎవరింట్లోనైనా తిరుపతి ప్రయాణం ఖాయమైందంటే మొట్టమొదట చేసే పని టిక్కెట్టు రిజర్వు చేయించటమే.

ఒక అవ్వ ఉందనుకోండి. పాపం, మోకాళ్ళ నొప్పులు. మనవడు ఆమెకోసం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు, 33వ నెంబరుది, సంపాదించాడు. రాత్రిపూట మహబూబ్‌నగర్‌లో రైలెక్కి చూస్తే ఆ బెర్తు మీద మరో అవ్వ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఆమె కాచిగూడలో ఎక్కింది. ఆమెకూ మోకాళ్ళ నొప్పులే. ఆమె టిక్కెట్టు మీద కూడా 33 అనే ఉంది. రెండూ అసలైన టిక్కెట్లే, ఏదీ దొంగది కాదు. ఇప్పుడు ఎవరు లేవాలి?

రిజర్వేషను కంప్యూటర్లను కట్టే ఇంజనీరు రెండింటికి భయపడాలి. ఒకటి, కంప్యూటరు ఆగిపోవటం. రెండోది, ఈ ఇద్దరవ్వల తగాదా. తమాషా ఏమిటంటే, మొదటిదాన్ని తప్పించబోతే రెండోది వచ్చి నెత్తిన పడుతుంది. ఎలాగో చూద్దాం.

కంప్యూటర్లు రాకముందు బెర్తుల లెక్క రిజిస్టర్లలో రాసేవారు. ఫలానా రైలు, ఫలానా తేదీ, ఫలానా పెట్టె – ఒక పట్టీ. గుమాస్తా ఆ పట్టీలో మీ పేరు రాస్తే బెర్తు మీది. పని నత్తనడక నడిచేది. కానీ ఒక సుఖం ఉండేది. ఒక్క రిజిస్టరు ఒకేసారి రెండు చోట్ల ఉండదు కదా! కాబట్టి గుమాస్తా పొరపాటు చేస్తే తప్ప ఒకే బెర్తు ఇద్దరికి పోయేది కాదు.

1985–86లో ఢిల్లీలో ఈ రిజిస్టరు కంప్యూటరులోకి ఎక్కింది. ఆ ఏర్పాటును తయారుచేసింది సి.ఎం.సి. అనే కంపెనీ, అప్పట్లో ప్రభుత్వానిదే. తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ కంప్యూటర్లు వచ్చాయి. మొదట్లో ఏ కేంద్రం లోకం దానిదే. ఒక కేంద్రం మరొక కేంద్రంతో మాట్లాడగలిగే కొత్త ఏర్పాటు పేరు ‘కాన్సర్ట్’. అది మొదట పనిచేయటం మొదలుపెట్టింది 1994లో, మన సికింద్రాబాదులోనే! 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిసిపోయాయి. మహబూబ్‌నగర్‌లో నిలబడి ఢిల్లీలో బయలుదేరే రైలుకు టిక్కెట్టు కొనటం అలా సాధ్యమైంది.

ఇందులో ఒక తెలివి ఉంది. అయిదు కేంద్రాలు కలిసినా, ఒక రైలు బెర్తుల లెక్క ఒక్క కేంద్రం దగ్గరే ఉంచారు. మిగతావి దాన్ని అడిగి తెలుసుకోవాలి. అంటే పాత రిజిస్టరు సుఖాన్ని వదులుకోలేదన్నమాట.

బాగానే ఉంది. కానీ ఆ కేంద్రంలో కంప్యూటరే ఆగిపోతే? గుమాస్తాకు జ్వరం వస్తే ఒక కిటికీ మూతపడుతుంది. కంప్యూటరుకు జ్వరం వస్తే వందల కిటికీలు ఒక్కసారిగా మూతపడతాయి. రైళ్ళకే కాదు, బ్యాంకుకూ, కరెంటు బిల్లుల ఆఫీసుకూ, పెద్ద వ్యాపార సంస్థల లెక్కలకూ ఇదే గొడవ.

యంత్రం ఎంతవరకు నమ్మదగ్గదో కొలవటానికి ఒక లెక్క ఉంది. మీ పొలంలో బోరు మోటారు 99 రోజులు ఆడి, నూరోరోజున కాలిపోయి, వైండింగు చేయించి దించేసరికి ఒక రోజు పట్టిందనుకోండి. నూరు రోజుల్లో 99 రోజులు మీకు అందుబాటులో ఉంది. అందుబాటు 99 శాతం. పరీక్షలో 99 వస్తే మీరు ఎగిరి గంతేస్తారు. యంత్రానికి మాత్రం ఆ మార్కులు చాలవు. ఏడాదికి ఒక శాతం అంటే 3 రోజుల 15 గంటల 36 నిముషాలు. అవి సరిగ్గా దసరా ముందు వచ్చాయో, చూసుకోండి! 99.9 శాతమైతే ఏడాదికి సుమారు 8 గంటల 46 నిముషాలు ఆగుతుంది. 99.99 అయితే 53 నిముషాలకు కాస్త తక్కువ. 99.999 అయితే అయిదు నిముషాల పై చిల్లర.

మార్కులు పెంచటానికి రెండు దారులున్నాయి. పాడుకాని యంత్రం కొనటం ఒకటి. పాడైతే చిటికెలో బాగుచేయటం రెండోది. ఒకరోజు పట్టే మరమ్మతు రెండున్నర గంటల్లో అయిపోతే అదే మోటారుకు 99 పోయి 99.9 వస్తుంది. మోటారు ఏమీ మారలేదు! ఇక రెండో మోటారు సిద్ధంగా ఉంచుకుంటే? మరమ్మతుతో పనేముంది, స్విచ్చి మార్చటమే. ఒక్కొక్కటి నూటికి ఒక వంతు కాలం పాడై ఉంటే, రెండూ ఒకేసారి పాడై ఉండటం పదివేలకు ఒక వంతే. 99 శాతపు యంత్రాలు రెండు కలిస్తే 99.99 అన్నమాట.

ఇలా ఒకే పనికోసం కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపునే క్లస్టరు అంటారు. అంటే గుత్తి. అమెరికాలో 1974లో పుట్టిన టాండెమ్ అనే కంపెనీ, ఒక భాగం పోయినా పని ఆగని కంప్యూటర్లను తయారుచేసి ‘నాన్‌స్టాప్’ అని పేరు పెట్టింది. 1983లో డిజిటల్ అనే మరో కంపెనీ తన వాక్స్ యంత్రాలను గుత్తులుగా కట్టే పద్ధతిని ప్రకటించింది. మన రిజర్వేషను కేంద్రాలు చాలాకాలం నడిచింది ఈ డిజిటల్ యంత్రాల మీదే.

ఆగండాగండి. పైన చేసిన గుణకారంలో ఒక మెలిక ఉంది. రెండు మోటార్లూ దేనికది, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడయితేనే ఆ లెక్క చెల్లుతుంది. రెండు మోటార్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజున రెండు మోటార్లుండి ఏం లాభం? మహబూబ్‌నగర్ రైతుకు ఇది నేను చెప్పాలా!

అచ్చంపేట నుంచి శ్రీశైలం పోయే దారిలో, దోమలపెంట దగ్గర కృష్ణానది ఎడమగట్టున, కొండ కడుపులో ఒక విద్యుత్కేంద్రం ఉంది. 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. ఒకటి ఆగితే అయిదుంటాయి. 2020 ఆగస్టు 20 రాత్రి లోపల మంటలు చెలరేగాయి. పొగ సొరంగమంతా నిండింది. తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. ఆరు యంత్రాలూ ఒకే రాత్రి ఆగిపోయాయి. ఎందుకంటే యంత్రాలు ఆరైనా గుహ ఒక్కటే. ఊపిరి పీల్చే గాలీ ఒక్కటే.

కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటిది జరిగింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో, ప్రభుత్వ కంప్యూటర్లున్న భవనంలో బ్యాటరీలు అంటుకున్నాయి. 647 ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. వాటిలో ఉద్యోగులు తమ కాగితాలు దాచుకునే నిల్వ ఒకటుంది. 858 టెరాబైట్ల సమాచారం. మరీ పెద్దదని దానికి వేరే చోట నకలు ఉంచలేదు. అది కాలిపోయింది. బ్యాటరీలు ఉన్నది కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లను కాపాడటానికే సుమా!

కాబట్టి క్లస్టరును కట్టే ఇంజనీరు కాగితం మీద బొమ్మ గీసి, ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి ‘ఇది పోతే?’ అని అడగాలి. కంప్యూటరు పోతే? డిస్కు పోతే? కరెంటు తీగ పోతే? ఆ గది చల్లబరిచే యంత్రం పోతే? భవనం పోతే? తాళంచెవి ఉన్న మనిషి పెళ్ళికి పోతే? నవ్వకండి. ఆఖరి ప్రశ్నను మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

సరే, యంత్రాలను దూరదూరంగా పెట్టాం. ఇప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఒకటి పోయిందని రెండోదానికి ఎలా తెలియాలి?

నల్లమల అంచు పొలాల్లో పల్లికాయ పంట మీదికి రాత్రిపూట అడవిపందులు వస్తాయి. రైతులు మంచెలెక్కి కాపలా కాస్తారు. అన్న ఒక మంచె మీద, తమ్ముడు అవతలి మంచె మీద ఉన్నారనుకోండి. కాసేపటికోసారి అన్న ‘హో...’ అంటాడు. తమ్ముడు ‘హో...’ అని బదులిస్తాడు. క్లస్టరులో కంప్యూటర్లు చేసేదీ అదే. సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి ‘ఉన్నాను’ అని చిన్న కబురు పంపుకుంటాయి. దీనికి ‘గుండె చప్పుడు’ అని పేరు. ఒకసారి వినపడకపోతే గాభరా పడవు. వరసగా అయిదారుసార్లు వినపడకపోతే అవతలిది పోయిందనుకుని, ఇవతలిది పని అందుకుంటుంది.

అనుకుని! ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించండి. తమ్ముడి ‘హో’ వినపడలేదు. నిద్రపోయాడా? లేక గాలి ఎదురు తిరిగి కేక ఇటు రాలేదా? రెండూ అన్నకు ఒకలాగే ఉంటాయి. నిశ్శబ్దానికి రెండు అర్థాలున్నాయి. ఏ అర్థమో నిశ్శబ్దాన్ని విని చెప్పలేం. ఎంత గొప్ప కంప్యూటరైనా చెప్పలేదు.

తమ్ముడు నిద్రపోతే అన్న ఆ పొలం కూడా చూసుకోవాలి, లేకపోతే పంట పోతుంది. పొలం సంగతైతే ఫరవాలేదు. ఇద్దరూ ఒకే పొలం కాస్తే నష్టమేముంది? బెర్తుల సంగతి అలా కాదు. రెండు కంప్యూటర్లూ బతికే ఉండి, మధ్య తీగ మాత్రమే తెగిందనుకోండి. ‘అది చచ్చింది, ఇక నేనే పెద్దను’ అని ఇది అనుకుంటుంది. అదీ అచ్చంగా అలాగే అనుకుంటుంది. రెండూ అమ్మకం మొదలుపెడతాయి. 33వ నెంబరు బెర్తును ఇది ఒక అవ్వకు అమ్ముతుంది, అది మరో అవ్వకు అమ్ముతుంది. చూశారా, ఆగిపోకుండా ఉండాలని రెండు పెడితే తగాదా వచ్చింది! ఒకే ఒంటికి రెండు బుర్రలైనట్టున్న ఈ జబ్బును ‘చీలిన మెదడు’ అంటారు.

దీనికి మందు చాలా పాతది – చేతులెత్తించి లెక్కపెట్టటం. రెండు మంచెల బదులు మూడు వేయండి. నియమం ఒక్కటే: ముగ్గురిలో కనీసం ఇద్దరి మాట కలిసినప్పుడే పెత్తనం. గాలివల్ల తమ్ముడు ఒంటరివాడయ్యాడనుకోండి. అన్నకు మూడోవాడి కేక వినపడుతూంది, కాబట్టి వాళ్ళిద్దరు. తమ్ముడికి ఎవరి కేకా వినపడటం లేదు, కాబట్టి వాడొక్కడు. వాడు బతికే ఉన్నాడు, మెలకువగానే ఉన్నాడు, అయినా నోరు మూసుకుని కూర్చోవాలి. మూడింటిని ఎలా చీల్చినా రెండు ముక్కల్లోనూ ఇద్దరేసి ఉండటం అసాధ్యం కదా! అదీ కిటుకు. వాక్స్ గుత్తుల్లో కూడా ఈ ఓట్ల పద్ధతే ఉండేది. రెండే యంత్రాలున్న చోట మూడో ఓటును ఒక డిస్కుకు ఇచ్చేవారు.

మూడు మంచిదైతే నాలుగు ఇంకా మంచిది కాదా? కాదు. నాలుగింట్లో సగానికి మించాలంటే మూడు కావాలి. అంటే ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండు పోతే ఆగిపోతుంది. మూడు కూడా ఒకటి పోతే తట్టుకునేదే. నాలుగోదాని డబ్బు దండగ. అయిదైతే రెండు పోయినా తట్టుకుంటుంది.

ఇంకా ఒక దొంగచాటు ప్రమాదం మిగిలి ఉంది. తమ్ముడు నిజంగానే కునుకు తీశాడు. ఈలోగా అన్నా, మూడోవాడూ పెత్తనం తీసుకున్నారు. తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. తాను నిద్రపోయినట్టు వాడికి తెలియదు! సగంలో ఉన్న పనిని ఎక్కడ ఆపాడో అక్కడినుంచి కొనసాగిస్తాడు. కంప్యూటర్లు కూడా అప్పుడప్పుడు ఇలా కొన్ని సెకన్లపాటు కొయ్యబారి, మళ్ళీ లేస్తాయి. లేచినదాని చేతిలో కలం ఉందంటే పాత పెత్తనంతోనే పట్టీలో రాసేస్తుంది.

మీ వీధిలో లైన్‌మన్ స్తంభం ఎక్కటం చూశారా? తెలిసినవాడైతే ‘కరెంటు పోయిందన్నా, ఎక్కు’ అని మనం చెబితే నమ్మడు. తానే వెళ్ళి ఫ్యూజు పీకి, జేబులో వేసుకుని, అప్పుడు ఎక్కుతాడు. క్లస్టరు కూడా అంతే చేయాలి. అవతలిది చచ్చిందని అనుకోవటం కాదు, ముందు దాని కరెంటు తానే తీసేయాలి. లేదా డిస్కు దగ్గర దానికి రాసే హక్కు తీసేయాలి. ఆ తరువాతే పని అందుకోవాలి. దీన్ని కంచె వేయటం అంటారు. ఇంజనీర్లు సరదాగా ‘అవతలివాడి తలకు గురిపెట్టి కాల్చు’ అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టుకున్నారు. మాట మొరటుదే. కానీ ఈ మెట్టు వదిలేసిన క్లస్టరుకంటే ఒంటరి కంప్యూటరే నయమని నా అభిప్రాయం. ఒంటరిది ఆగిపోతుందే కాని ఒకే బెర్తు ఇద్దరికి అమ్మదు.

పని అందుకోవటం అంటే కుర్చీలో కూర్చోవటం మాత్రమే కాదు. పాత యంత్రం సరిగ్గా మధ్యలో పోయి ఉండవచ్చు – డబ్బు తీసుకుంది, బెర్తు రాయలేదు. అందుకని ఏ పని చేసేముందైనా ‘ఇది చేయబోతున్నాను’ అని ఒక చిట్టాలో రాయాలి, పూర్తికాగానే ‘అయింది’ అని రాయాలి. కొత్త యంత్రం మొదట ఈ చిట్టా చదువుతుంది. ‘అయింది’ అని లేని పనులన్నిటినీ వెనక్కి తిప్పుతుంది. కిరాణా కొట్టు సేటు సాయంత్రం చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవటం లాంటిదే.

ఆ చిట్టా నకలు దూరాన మరో నగరంలో ఉండాలనుకుంటే వెలుతురు వేగం అడ్డం వస్తుంది. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి గీత గీసినట్టు కొలిస్తే 1,250 కిలోమీటర్ల చిల్లర. కబురు పోయి, ‘రాసుకున్నాను’ అని జవాబు రావటానికి సెకనులో వెయ్యింట పన్నెండున్నర వంతులు పడుతుంది. తీగ తిన్నగా పోదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఒక్క టిక్కెట్టుకు ఇది లెక్కలోది కాదు. ఒకదాని వెనుక ఒకటి వేలకొద్దీ రాతలు వరసలో నిలబడితే ఆ వంతులే నిముషాలవుతాయి. అందుకని కొందరు జవాబుకోసం ఆగరు. ‘నకలు కాసేపట్లో చేరుతుందిలే’ అని టిక్కెట్టు చేతిలో పెట్టేస్తారు. చాలావరకు చేరుతుంది.

చేరనప్పుడు ఏమవుతుందో 2018 అక్టోబరు 21న తెలిసింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ప్రోగ్రాములను దాచుకునే గిట్‌హబ్ అనే సంస్థలో, మామూలు మరమ్మతు చేస్తూండగా అమెరికా తూర్పుతీరంలోని ముఖ్య కేంద్రానికి సంబంధం తెగింది. తెగింది 43 సెకన్లే! ఆ కాస్తలోనే మిగతా యంత్రాలు ఓట్లు లెక్కపెట్టి, పెత్తనాన్ని పడమటితీరానికి ఇచ్చేశాయి. ఓట్ల పద్ధతి తన పని తాను చక్కగానే చేసింది. కానీ తూర్పున అప్పటికే రాసిన కొన్ని సెకన్ల రాతలు పడమరకు చేరలేదు. పడమర కొత్త రాతలు మొదలుపెట్టింది. తీగ కలిశాక చూస్తే దీంట్లో ఉన్నవి దాంట్లో లేవు, దాంట్లో ఉన్నవి దీంట్లో లేవు. ఏ రాతనూ పారేయటానికి వాళ్ళు ఒప్పుకోలేదు. సేవ మందగించినా సరే, లెక్క సరిపోవాలన్నారు. అంతా కుదుటపడేసరికి 24 గంటల 11 నిముషాలు పట్టింది. ఆ నిర్ణయాన్ని నేనైతే మెచ్చుకుంటాను.

ఇదంతా మీరే చేసి చూడవచ్చు. ఏ కంప్యూటరూ అక్కరలేదు. ముగ్గురు స్నేహితులను మూడు గదుల్లో కూర్చోబెట్టండి. ప్రతి ఒక్కరికీ 1 నుంచి 20 వరకు బెర్తుల పట్టీ రాసి ఇవ్వండి. నాలుగోవాడు తంతివాడు, గదుల మధ్య చీటీలు మోస్తాడు. మిగతావాళ్ళు తమకిష్టమైన గదికి వెళ్ళి బెర్తులు అడుగుతారు. అమ్మేముందు ‘ఫలానా నెంబరు అమ్మనా?’ అని మిగతా ఇద్దరికీ చీటీ పంపాలి. ఒక్కరైనా ‘సరే’ అంటేనే అమ్మాలి. ఒక నెంబరుకు ఎవరైనా ఒక్కసారే ‘సరే’ అనాలి. తాను అమ్మబోతున్న నెంబరుకు మరొకరికి ‘సరే’ అనకూడదు, మరొకరికి ‘సరే’ అన్న నెంబరును తాను అమ్మకూడదు. తంతివాడికి మాత్రం రహస్యంగా ఒక అనుమతి ఇవ్వండి – ఇష్టం వచ్చినప్పుడు కొన్ని చీటీలు జేబులో వేసుకోవచ్చు.

పది నిముషాలయ్యాక పట్టీలు పక్కపక్కన పెట్టి చూడండి. తరువాత నియమం మార్చి, ‘జవాబు రాకపోయినా అమ్మేయవచ్చు’ అని మళ్ళీ ఆడండి. రెండో ఆటలో టిక్కెట్లు జోరుగా అమ్ముడవుతాయి. చివర్లో టిక్కెట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్న అవ్వలు ఎంతమందో లెక్కపెట్టండి. తంతివాడి జేబు కూడా తీసి చూడండి.